ఇద్దరు దర్శకులు, రెండు ఆగస్టులు

ఎన్టీ రామారావు రాజకీయ జీవితంలో 'ఆగస్టు సంక్షోభం' అనే మాట రెండుసార్లు వినిపిస్తుంది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయనను గద్దె దింపి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేయగా, సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. 1995 ఆగస్టులో తిరుగుబాటు సొంత ఇంట్లోనే పుట్టింది. ఎమ్మెల్యేలు హుస్సేన్‌సాగర్ ఒడ్డున వైస్రాయ్ హోటల్‌కు చేరారు, సెప్టెంబరు 1న అల్లుడు చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు. 2019లో వచ్చిన ఎన్టీఆర్ జీవితకథా చిత్రాలను జనం పక్కపక్కన పెట్టి చూడడానికి మూలం ఈ రెండు ఆగస్టుల్లోనే ఉంది.

బాలకృష్ణ నిర్మాతగా, తండ్రి పాత్రధారిగా తలపెట్టిన చిత్రానికి మొదట తేజ దర్శకుడు. ఆయన తప్పుకున్నాక క్రిష్ వచ్చారు, కథ రెండు భాగాలైంది. జనవరి 9న విడుదలైన 'కథానాయకుడు'లో, ఆసుపత్రిలో ఉన్న బసవతారకం పాత ఆల్బమ్ తిరగేస్తుండగా భర్త గతం తెరపైకి వస్తుంది. ఫిబ్రవరి 22న వచ్చిన 'మహానాయకుడు' మొదటి ఆగస్టును దాటి, అదే ఏడాది ఆమె మరణంతో ఆగిపోతుంది. భార్య కళ్లతో మొదలుపెట్టిన కథను ఆమెతోనే ముగించడం కథన పరంగా సబబే. అయితే బాలకృష్ణ అప్పటికి హిందూపురం తెలుగుదేశం ఎమ్మెల్యే, చంద్రబాబుకు బావమరిదే కాక వియ్యంకుడు కూడా. కాబట్టి రెండో ఆగస్టు ఎందుకు లేదన్న ప్రశ్నకు కళాత్మకమైన జవాబు ఒక్కటే చాలదు. ఈ సినిమాలో రానా పోషించిన చంద్రబాబు, మామకు అండగా నిలిచిన అల్లుడు.

రామ్‌గోపాల్ వర్మ సరిగ్గా ఆ ఖాళీలోనే కథ పట్టుకున్నారు. 'లక్ష్మీస్ ఎన్టీఆర్' 1989 ఓటమి తర్వాతి ఒంటరితనంతో మొదలై, జీవితచరిత్ర రాస్తానంటూ వచ్చిన లక్ష్మీపార్వతితో పెళ్లి, 1994లో 216 స్థానాల ఘన విజయం మీదుగా వైస్రాయ్‌కు చేరుతుంది. అక్కడ అదే అల్లుడు ప్రతినాయకుడు. 2018 డిసెంబరులో వర్మ 'వెన్నుపోటు' పాట వదలగానే తెలుగుదేశం కార్యకర్తలు దిష్టిబొమ్మలు తగలబెట్టారు. తెలుగునాట ఆ మాట ఎవరి పేరూ చెప్పకుండానే ఎవరికి తగలాలో వారికి తగులుతుంది మరి. ఇక్కడా నిష్పాక్షికత వెతకడం దండగే, ఎందుకంటే ఎవరి వైపు నుంచి కథ చెప్పారో ఆ లక్ష్మీపార్వతి అప్పటికే వైఎస్సార్ కాంగ్రెస్‌లో ఉన్నారు.

చిత్రమేమిటంటే, కాలం లెక్కన ఈ సినిమాలు ఒకదానికొకటి పోటీయే కావు. ఒకటి ఆగిన అయిదేళ్ల తర్వాత రెండోది మొదలవుతుంది. పోల్చింది ఒకే అల్లుడికి దక్కిన రెండు ముఖాలను. ఏప్రిల్ 11న పోలింగ్ ఉండగా ఆ పోలిక ఎన్నికల వ్యవహారమైపోయింది. మార్చి 29న, అంటే తెలుగుదేశం ఆవిర్భావ దినాన, వర్మ చిత్రం తెలంగాణలో విడుదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం హైకోర్టు స్టే ఇచ్చింది, తర్వాత ఎన్నికల సంఘమూ అడ్డుచెప్పింది. చివరికి జగన్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన మర్నాడు, మే 31న, అక్కడి థియేటర్లకు వచ్చింది. అప్పటికి 'మహానాయకుడు' తెరల మీద నుంచి ఎప్పుడో దిగిపోయింది.