బోర్డు మీద 90, పుస్తకంలో 109.5

ఇంటర్ ఫస్టియర్ చదివే ఒక అమ్మాయి మొన్న నన్ను అడిగింది: "ఒక కార్బన్‌కి నాలుగు హైడ్రోజన్లున్న మీథేన్‌ని మా సార్ ప్లస్ గుర్తులా గీశారండీ. అందులో కోణం 90 డిగ్రీలే కదా, మరి పుస్తకంలో 109.5 అని ఎందుకుంది?" ఎంత మంచి ప్రశ్న! బోర్డుకి పొడవూ వెడల్పూ తప్ప లోతు లేదు. అణువుకి ఉంది. ఆ లోతు పిల్లల చేతికి తగలాలంటే నాలుగు బెలూన్లు చాలు.

రెండు బెలూన్లు ఒకే సైజులో ఊది, మూతులు కలిపి ముడెయ్యండి. ఇంకో రెండు కూడా అలాగే. ఇప్పుడు ఈ రెండు జతలనూ ముడుల దగ్గర మెలిపెట్టి వదలండి. మూడు బెలూన్లు కాళ్లలా నిలబడతాయి, నాలుగోది నిటారుగా పైకి చూస్తుంది. ఏ మూడింటి మీద నిలబెట్టినా అంతే. బల్లకేసి అదిమితే బోర్డు మీది ప్లస్ గుర్తు వస్తుంది. చెయ్యి తీశారో, ఎగిరి మళ్లీ చతుర్ముఖి (నాలుగు మూలలు, నాలుగు త్రిభుజ ముఖాలున్న ఆకారం) అయిపోతుంది. అందులో ఏ రెండు బెలూన్ల మధ్యైనా కోణం 109.5 డిగ్రీలే. ఆ గెంతు ప్రతి పిల్లా పిల్లాడి అరచేతికీ తెలియాలి, టీచరు ఒక్కరే చేసి చూపిస్తే లాభం లేదు.

కార్బన్ చుట్టూ ఉన్న నాలుగు ఎలక్ట్రాన్ జంటలదీ ఇదే పెనుగులాట. బెలూన్లు ఒరుసుకుని నెట్టుకుంటాయి. ఎలక్ట్రాన్ జంటల మధ్య ఆ పనిని పౌలీ నియమం (ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఒకే చోట ఉండలేవనేది), ఋణావేశాల వికర్షణ కలిసి చేస్తాయి. రసాయన శాస్త్రవేత్తలు గిలెస్పీ, నైహోమ్ 1957లో ఈ ఆలోచనకి ఒక సిద్ధాంతంగా రూపమిచ్చారు.

ఇప్పుడు ఒక బెలూన్‌ని పెద్దగా ఊదండి. అది ఒంటరి జంట, అంటే ఏ బంధంలోనూ లేని ఎలక్ట్రాన్ జంట. బంధంలో ఉన్న జంటను రెండు కేంద్రకాలు చెరోవైపు లాగి సన్నగా ఉంచుతాయి. ఒంటరి జంటను పట్టుకునేది ఒక్కటే కాబట్టి, అది పరుచుకుని పక్కవాటిని నొక్కేస్తుంది. అమ్మోనియాలో ఒకటుంది, కోణం 107కి తగ్గింది. నీటిలో రెండున్నాయి, 104.5. ఈ అంకెల్ని ఎంట్రన్స్ పరీక్షల టెన్షన్‌తో బట్టీ పట్టే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సరే, అణువు అలాగే ఉందని రుజువేంటి? నానబెట్టిన కాబూలీ శనగలు హైడ్రోజన్లు, పచ్చి బఠాణీలు క్లోరిన్లు, మట్టి ముద్ద కార్బన్. చీపురు పుల్లలతో డైక్లోరోమీథేన్ (మీథేన్‌లో రెండు హైడ్రోజన్ల బదులు రెండు క్లోరిన్లు) చేయించండి. చదునుగా గుచ్చితే రెండు రకాలొస్తాయి: బఠాణీలు పక్కపక్కన ఒకటి, ఎదురెదురుగా ఒకటి. చతుర్ముఖిగా గుచ్చితే ఎలా మార్చినా ఒకటే, ఎందుకంటే అక్కడ ప్రతి మూలా మిగతా మూడింటికీ పక్కనే. ప్రకృతిలో దొరికే డైక్లోరోమీథేన్ కూడా ఒకే ఒక్క రకం! 1865లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ లండన్‌లో క్రోకే ఆట బంతులతో చూపించిన మీథేన్ చదునుగానే ఉండేది. 1874లో 22 ఏళ్ల డచ్ రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ దాన్ని చతుర్ముఖిగా ఊహించాడు, అట్టముక్కలతో నమూనాలు చేసి సాటి శాస్త్రవేత్తలకి పంపాడు.

ఇక ఐదు బెలూన్లు కట్టించండి. నడుము చుట్టూ మూడు, పైనొకటి, కిందొకటి. పైదానికి 90 డిగ్రీల దూరంలో ముగ్గురు ఇరుగుపొరుగులు, నడుము దానికి ఇద్దరే. సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్‌లో సల్ఫర్ చుట్టూ ఇలాగే ఐదు జంటలు: నాలుగు బంధాలవి, ఒకటి ఒంటరిది. ఆ ఒంటరి జంట ఎక్కడ కూర్చుంటుందని అడగండి. చేత్తో అటూ ఇటూ నొక్కి చూసి, నడుము దగ్గరే చోటు ఎక్కువుందని వాళ్లే చెప్తారు.