ఎక్కువ కట్టినవాళ్లకు ముందు డేటా: పిల్లలకు ఉత్తరం

కడప

చిరంజీవులకు పెద్దనాయన ఆశీస్సులు.

"నెలకు ఇంకో రెండు వందలు కడితే నెట్ ముందుగా ఇస్తామని కంపెనీ అంటే, కట్టేవాడు కడతాడు, లేనివాడు ఊరకుంటాడు. మధ్యలో ట్రాయ్‌కేం పని?" అని అడిగారు కదా. ట్రాయ్ అంటే ఫోన్ కంపెనీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ. అడగాల్సిన ప్రశ్నే. కానీ టవర్ డేటాను ఎట్లా పంచుతుందో తెలియకుండా అవునన్నా కాదన్నా అది ఊరి కబురే అవుతుంది. అందుకని ముందు టవర్ సంగతి రాస్తాను.

టవర్ మీద మామూలుగా మూడు దిక్కులకు మూడు యాంటెన్నా ముఖాలుంటాయి. ఒక్కో ముఖం కిందికొచ్చే ప్రాంతాన్ని సెక్టార్ అంటారు. 4జీలో ఆ సెక్టార్‌కు స్పెక్ట్రం, అంటే డేటా పోయే రేడియో తరంగాల పట్టీ, 10 మెగాహెర్ట్జ్ ఉందనుకోండి. దాన్ని 180 కిలోహెర్ట్జ్ చొప్పున 50 ముక్కలు చేస్తారు, వాటి పేరు రిసోర్స్ బ్లాకులు. టవర్ లోపల షెడ్యూలర్ అనే ప్రోగ్రాం ప్రతి మిల్లీసెకనుకు, అంటే సెకనుకు వెయ్యిసార్లు, ఈ 50 ముక్కలు ఎవరెవరికి ఇవ్వాలో తేలుస్తుంది. ఎవరి డేటా ఎదురుచూస్తోంది, ఎవరి సిగ్నల్ బాగుంది, ఎవరికి చాలాసేపటి నుంచి అందలేదు, ఎవరు ఏ తరగతి, ఇవన్నీ చూసుకుంటుంది.

మీరు అడిగిన తగువంతా ఈ తరగతిలోనే ఉంది. 4జీలో దీన్ని క్యూసీఐ అంటారు, మామూలుగా 1 నుంచి 9 దాకా అంకెలు. వోల్టీ కాల్‌లో, అంటే 4జీ మీదే పోయే కాల్‌లో, మాట 1వ తరగతి, అది 100 మిల్లీసెకన్లలోపు చేరాలి. మనం చూసే వీడియోలు, వాట్సాప్, బ్రౌజర్ ఎక్కువగా 8 లేదా 9లో పోతాయి, వాటికి 300 మిల్లీసెకన్ల దాకా వెసులుబాటు. అందుకే రద్దీలో రీలు గిర్రున తిరుగుతున్నా కాల్ మాత్రం తెగకుండా నడుస్తుంది. కాబట్టి ముందూ వెనకా అన్నది నెట్‌వర్క్‌కు కొత్త కాదు, 4జీతో పాటే ఉంది. ఇప్పటిదాకా అది పనిని బట్టి ఉండేది. మీరు అడిగిన ఈ ముందు చోటు ప్లాన్‌లో, అంటే ప్రయారిటీ ప్లాన్‌లో, డబ్బును బట్టి వస్తుంది. కంపెనీ సర్వర్‌లో మీ నంబరు ఎదురుగా తరగతి మారుస్తారు, లేదా అదే తరగతిలో ఎక్కువ వంతు రాస్తారు. సిమ్ మార్చే పని కూడా లేదు.

ఆ 50 ముక్కలు మాత్రం 51 కావు. ఒక లెక్క వేద్దాం, అంకెలు నేను ఊహించుకున్నవే. రద్దీ వేళ ఒక సెక్టార్ మొత్తం 20 ఎంబీపీఎస్ ఇవ్వగలుగుతోంది, 100 ఫోన్లు ఒకేసారి లాగుతున్నాయి. అందరూ సమానమైతే తలా 200 కేబీపీఎస్. వాళ్లలో 10 మంది ప్రయారిటీ కొన్నారు, మామూలు ఫోనుకు ఒక వంతు వస్తే వీళ్లకు నాలుగు వంతులు. మొత్తం వంతులు 90 కలిపి 40, అంటే 130. ఇప్పుడు మామూలు వాళ్లకు 154, కొన్నవాళ్లకు 615. కొన్నవాళ్లకు పండగే. కొనేవాళ్లు 50 మంది అయితే మామూలు వాళ్లకు 80, కొన్నవాళ్లకు 320. అదే 90 మంది కొంటే? కొన్నవాళ్లకు 216. డబ్బు కట్టకముందు అందరికీ ఉచితంగా వచ్చిన 200కు దగ్గరికే వచ్చి కూర్చున్నారు. కొనని ఆ పదిమందికి 54 మిగిలింది. కాగితం తీసుకుని ఈ లెక్క మీరే ఒకసారి వేసి చూడండి, తర్వాత చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

తిరుమలలో 300 రూపాయల దర్శనం మీకు తెలిసిందే. ఆ క్యూ కదిలేటప్పుడు సర్వదర్శనం క్యూ ఆగుతుంది. రద్దీ లేని రోజు రెండింటికీ పెద్ద తేడా ఉండదు. అయితే అక్కడ ఏ గంటకు ఎన్ని టికెట్లో ముందే లెక్కకట్టి, అన్నే అమ్ముతారు. ఫోన్ ప్లాన్‌కు ఆ లెక్క ఎవరు కడతారు? ఒక సెక్టార్ కింద ఇంతమందికే అమ్ముతామని ఏ ప్రకటనలోనూ రాయరు.

ఇంకో చిక్కు ఉంది, బయట దీన్ని ఎవరూ పెద్దగా మాట్లాడరు. సిగ్నల్ బలహీనంగా ఉన్న ఫోనుకు అదే వీడియో పంపాలంటే టవర్ ఎక్కువ ముక్కలు ఖర్చుపెట్టాలి. ప్రయారిటీ కొన్న మనిషి లోపలి గదిలో కూర్చుని హెచ్‌డీ సినిమా పెడితే, వాకిట్లో కూర్చున్న ప్రయారిటీ మనిషి కంటే అతనే ఇతరుల వంతు ఎక్కువ తింటాడు. బిల్లు ఇద్దరికీ ఒకటే.

ఇక చట్టం. ఇక్కడ చాలామంది రెండు వేరువేరు సంగతులను కలిపేస్తారు.

ఒకటి, ఏ యాప్, ఏ వెబ్‌సైట్ అన్నదాన్ని బట్టి తేడా చూపడం. 2015లో ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న వచ్చిన నిబంధనల ప్రకారం కంటెంట్‌ను బట్టి డేటాకు వేరే ధర పెట్టకూడదు. తప్పితే రోజుకు 50 వేలు, మొత్తం 50 లక్షల దాకా జరిమానా. కొన్ని సైట్లనే ఉచితంగా చూపే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ ఆగిపోయింది దీంతోనే. ఒక కంటెంట్‌ను అడ్డుకోవడం, నెమ్మది చేయడం, దానికి ఎక్కువ వేగమివ్వడం కూడా కూడదని ట్రాయ్ 2017 నవంబరులో సిఫారసు చేస్తే, 2018 జులైలో టెలికాం శాఖ ఒప్పుకుంది.

రెండోది, ఏ చందాదారు అన్నదాన్ని బట్టి తేడా. మీరు అడిగింది ఇది. ఇందులో యాప్‌ల మధ్య తేడా లేదు, మనుషుల మధ్య ఉంది. కాబట్టి 2016 నిబంధన దీనికి నేరుగా తగలదు. ఈ తగువు 2020లో వచ్చింది. వొడాఫోన్ ఐడియా రెడ్ఎక్స్ అనే ప్లాన్ 50 శాతం దాకా ఎక్కువ వేగమని చెప్పుకుంది. ఆ జులైలో ఎయిర్‌టెల్ ప్లాటినం పేరుతో 499 రూపాయలు, ఆపైన కట్టే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు 4జీలో ముందు చోటిస్తామంది. రెండింటినీ ఆపమని ట్రాయ్ లేఖ రాసింది. వీళ్లకు ఎక్కువిస్తే మామూలు చందాదారుల సేవ తగ్గదా, తగ్గకుండా ఏం చేశారు అని అడిగింది. వొడాఫోన్ ఐడియా టెలికాం తగువుల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళితే తాత్కాలిక ఊరట దొరికింది గానీ ట్రాయ్ విచారణ ఆగలేదు. ఆగస్టులో షోకాజ్ నోటీసు ఇస్తూ ఆ ప్లాన్‌లో పారదర్శకత లేదు, తప్పుదోవ పట్టించేలా ఉంది అంది. చూశారా, నోటీసు ధర ఎక్కువని కాదు. ప్లాన్ గురించి చెప్పాల్సింది స్పష్టంగా చెప్పలేదని.

బయటి దేశాల సంగతి క్లుప్తంగా. అమెరికాలో ఇది బాహాటంగానే అమ్ముతున్నారు. ఏటీ అండ్ టీ 2024లో టర్బో పేరుతో నెలకు 7 డాలర్లకు మెరుగైన డేటా మొదలుపెట్టింది. అక్కడి నెట్ న్యూట్రాలిటీ నియమాలు, అంటే ఏ డేటానూ వేరుగా చూడొద్దనే నియమాలు, 2015లో వచ్చి, 2017లో పోయి, 2024లో మళ్లీ వచ్చి, 2025 జనవరిలో కోర్టులో కొట్టుకుపోయాయి. యూరప్ 2015 నియమం నాకు నచ్చుతుంది. ప్రత్యేక సేవలు ఇవ్వొచ్చు గానీ నెట్‌వర్క్‌లో అందుకు సరిపడా సత్తువ ఉండాలి, మామూలు ఇంటర్నెట్ నాణ్యత దెబ్బతినకూడదు అంటుంది. 5జీలో వచ్చిన స్లైసింగ్‌కు, అంటే ఒకే నెట్‌వర్క్‌ను వాటాలు కట్టి వేరువేరు పనులకు ఇవ్వడానికి, ఈ షరతు సరిగ్గా అతుకుతుంది. ఒక ఫోను ఒకేసారి 8 స్లైసుల దాకా వాడగలదు, అయితే నెట్‌వర్క్ స్టాండలోన్ 5జీ, అంటే 4జీ మీద ఆధారపడని 5జీ, అయితేనే.

కంపెనీల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఫోన్‌లో రోగి రిపోర్టు చూసే డాక్టరుకు, కెమెరా పెట్టి లైవ్ ఇచ్చే విలేకరికి నమ్మకమైన డేటా కావాలి, వాళ్లు ఎక్కువ ఇవ్వడానికి సిద్ధమే. ఇంటి ఫైబర్‌లో తక్కువ వేగానికి ఒక ధర, ఎక్కువ వేగానికి ఒక ధర ఉన్నప్పుడు మొబైల్‌లో ఎందుకు ఉండకూడదని అడుగుతారు. ఫైబర్‌లో పక్కింటివాడు పెద్ద ప్లాన్ తీసుకుంటే మీ వేగం మామూలుగా తగ్గదు. గాలిలో పోయే డేటాకు ఆ గోడ లేదు, పైన వేసిన లెక్కే దానికి సాక్షి. నా భయం ఇంకొకటి. రద్దీ ఉంటేనే ప్రయారిటీ అమ్ముడుపోతుంది. అప్పుడు ఆ సెక్టార్‌లో ఇంకో క్యారియర్, అంటే ఇంకో స్పెక్ట్రం పట్టీ, వేసి రద్దీ తగ్గించాలన్న తొందర కంపెనీకి ఎందుకుంటుంది? సెక్టార్ వారీగా రద్దీ వేళ మామూలు చందాదారుకు ఎంత వస్తోందో బయటపెట్టేదాకా దీన్ని అమ్మనివ్వకూడదన్నది నా మాట. అంబులెన్సు, పోలీసు సంగతి వేరు. వాళ్లలాంటి వాళ్ల కోసం, రద్దీలో టవర్ ఎవరి పిలుపును రానివ్వాలో చెప్పే యాక్సెస్ క్లాస్ అనే గుర్తు సిమ్‌లో ఎప్పటి నుంచో ఉంది. మనకు 0 నుంచి 9లో ఏదో ఒకటి, భద్రతా దళాలకు 12, అత్యవసర సేవలకు 14. దాని మీద ఎవరికీ తగువు లేదు.

ఆ గుర్తు ఎందుకు ముఖ్యమో ఒంటిమిట్ట కల్యాణం రాత్రి తెలుస్తుంది. అంతమంది ఒక్కచోట చేరితే ఫోనులో గీతలు నిండుగా ఉన్నా ఫోన్‌పే పోదు. యూపీఐకి కావాల్సింది కొద్ది కిలోబైట్లే, వేగం కాదు. అక్కడ జరిగేదేమంటే, "నాకు చోటివ్వు" అని ఫోను టవర్‌కు పంపే మొదటి పిలుపులే ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. పిలుపు అందితేగానీ షెడ్యూలర్ మీ తరగతి చూడదు. కాబట్టి మీరు కొన్న ప్రయారిటీ అక్కడికి చేరకముందే ఆగిపోవచ్చు. అలాంటి చోటికి కావాల్సింది బండి మీద తెచ్చి నిలిపే తాత్కాలిక టవర్. జేబులో కాస్త నగదు కూడా.

కాబట్టి ఏదైనా ప్లాన్ కొనేముందు మీ ఇబ్బంది అసలు రద్దీయేనా అని చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, దాంట్లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో కనిపిస్తుంది. మైనస్ 85 అంటే బాగుంది, మైనస్ 100 అంటే పరవాలేదు, మైనస్ 115 అంటే బలహీనం. ఇంట్లో ఒకే తావున కూర్చుని తెల్లవారి 5 గంటలకు, రాత్రి 9 గంటలకు ట్రాయ్ మైస్పీడ్ యాప్‌తో కొలిచి, డీబీఎం కూడా పక్కన రాసుకోండి. డీబీఎం రెండు వేళలా ఒకేలా ఉండి, వేగం తెల్లవారి 30 ఎంబీపీఎస్, రాత్రి 1 వస్తే అది రద్దీ. రెండు వేళలా వేగం తక్కువే, డీబీఎం మైనస్ 115 అయితే అది సిగ్నల్ జబ్బు, ప్రయారిటీ ప్లాన్ దానికి మందు కాదు. మన పాత రాతిగోడల మిద్దెల్లో 2300 మెగాహెర్ట్జ్ బ్యాండు సిగ్నల్ సరిగా దూరదు, 850 బ్యాండుది దూరుతుంది. మీ ఫోను ఆ 850 బ్యాండును పట్టుకుంటుందో లేదో చూడండి, లేదా ఇంట్లో వైఫై కాలింగ్ పెట్టుకోండి. మూడో రకం ఇంకా తేలిక. సాయంత్రానికి వేగం సరిగ్గా 64 కేబీపీఎస్ దగ్గర నిలిచిపోతే ఆ రోజు కోటా అయిపోయిందని అర్థం. అది టవర్ తప్పు కాదు, ప్లాన్‌లో రాసిందే.

కోటా తర్వాత కత్తిరించడం వేరు, రద్దీలో వెనక్కి నెట్టడం వేరు. కత్తిరిస్తే టవర్ ఖాళీగా ఉన్నా నెమ్మదే. 2018లో కాలిఫోర్నియాలో కార్చిచ్చు ఆర్పుతున్న శాంటా క్లారా అగ్నిమాపక దళానికి వెరిజాన్ చేసింది ఈ కత్తిరింపే. పెద్ద ప్లాన్‌కు మారితేగానీ వేగం పెంచలేదు, తర్వాత అది తమ కస్టమర్ సపోర్ట్ తప్పని కంపెనీ చెప్పుకుంది. మీకు ఎవరైనా ప్రయారిటీ అమ్మజూపితే ఇది రద్దీ వేళకా, కోటా అయ్యాకా, రెండింటికా అని రాతపూర్వకంగా అడగండి.

రద్దీ అని తేలితే 198కి చేసి ఫిర్యాదు పెట్టి, డాకెట్ నంబరు తీసుకోండి. నంబరు లేనిదే ఫిర్యాదు లేనట్టే. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, రుసుము లేదు.

ట్రాయ్ ఈ విషయం మీద సంప్రదింపు పత్రం తెచ్చినప్పుడు ఎవరైనా రాయొచ్చు. అభిప్రాయాలకు మామూలుగా నాలుగు వారాలు, ప్రతివ్యాఖ్యలకు ఇంకో రెండు వారాలు ఇస్తారు. "ప్రయారిటీ వద్దు" అని ఒక్క ముక్క రాసి పంపకండి. ఊరు, వీధి, కంపెనీ, ఫోను మోడలు, డీబీఎం, రెండు వేళల వేగం వారం రోజులవి పట్టిక కట్టి పంపండి. పత్రంలో ప్రశ్నలకు వరుస నంబర్లుంటాయి, ఏ ప్రశ్నకు జవాబు రాస్తున్నారో ఆ నంబరు వేయండి.

ఇట్లు,
మీ పెద్దనాయన