బ్యాంకు వాతావరణ లక్ష్యాలు: మొక్కలు నాటే ఫోటోలో కనిపించని లెక్క

ప్రభుత్వ రంగ బ్యాంకులో చాలా ఏళ్ళు బ్రాంచీల్లో లోన్లు చూశాక నన్ను హెడాఫీసులో ఈఎస్‌జీ విభాగానికి, అంటే పర్యావరణం, సమాజం, పాలన సంగతులు చూసే చోటుకి వేశారు. "ఇక మొక్కలు నాటడమేనా డ్యూటీ?" అని మా బ్యాచ్ వాళ్ళు నవ్వారు. బయటివాళ్ళే కాదు, మా స్టాఫ్ కూడా తరచూ అనే మాటలు కొన్ని ఇవి.

అపోహ: బ్యాంకుకి పొగ ఎక్కడిది? అదేమైనా ఫ్యాక్టరీయా?

ఉంది. జనరేటర్లో లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. గ్రిడ్ నుంచి వాడే ఒక్కో యూనిట్ కరెంటుకి సుమారు 0.7 కిలో. అన్నిటికన్నా తలనొప్పి ఏసీ గ్యాస్. ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక్క కిలో లీకైతే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. మెకానిక్ మాత్రం బిల్లు మీద "గ్యాస్ ఫిల్లింగ్" అని రాసి వెళ్ళిపోతాడు. ఏ గ్యాసో, ఎన్ని కిలోలో రాయడు. వందల బ్రాంచీలకు ఫోన్ చేసి ఆ కిలోలు రాబట్టడమే నాకు ఈ సీట్లో మొదటి పని.

అపోహ: ఎల్‌ఈడీ బల్బులు, పైకప్పు మీద సోలార్ పెడితే లక్ష్యం అయిపోయినట్టే.

స్టేట్ బ్యాంక్ ప్రకటించిన రెండు తేదీలు చూడండి. సొంత ఆఫీసులు, బ్రాంచీల వరకు కార్బన్ న్యూట్రల్ (వదిలినదానికి సరిపడా వేరేచోట తగ్గించి లెక్క సున్నా చేయడం) 2030కి. నెట్ జీరో 2055కి. దేశం మొత్తానికి పెట్టుకున్నది 2070. మొదటి రెండిటికీ మధ్య పాతికేళ్ళ తేడా ఎందుకంటే, రెండోదాంట్లో అప్పు తీసుకున్నవాళ్ళ పొగ కూడా లెక్కకొస్తుంది. మన డబ్బుతో నడిచే సిమెంటు కిల్న్, స్టీల్ ఫర్నేస్, లారీ వదిలేదాంట్లో మనకూ వాటా ఉంటుందన్నమాట. ఏ బ్యాంకుకైనా ఆ వాటా ముందు బ్రాంచీల కరెంటు బిల్లు ఏ మూలకీ రాదు.

అపోహ: ఆ వాటా లెక్కలన్నీ కాకిలెక్కలు.

సగం నిజమే, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. అప్పు తీసుకున్నవాళ్ళ పొగలో బ్యాంకు వాటా లెక్కకట్టడానికి పీసీఏఎఫ్ అనే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. ఒక కంపెనీ అప్పు, ఈక్విటీ కలిపి 1,000 కోట్లు అనుకుందాం. అందులో మన బకాయి 100 కోట్లు. అది ఏడాదికి 5 లక్షల టన్నులు వదిలితే పదో వంతు, అంటే 50,000 టన్నులు, మన ఖాతాలో పడతాయి. మరుసటి ఏడాది ఆ కంపెనీ మనకి 20 కోట్లు తీర్చి, అంత మేరకు వేరేచోట అప్పు తెచ్చుకుందనుకోండి. మన వాటా 40,000కి దిగుతుంది. చిమ్నీ మాత్రం అదే పొగ వదులుతోంది! అందుకే మొత్తం టన్నులు తగ్గాయని చెప్పే రిపోర్టు కంటే, టన్ను సిమెంటుకి ఎంత, యూనిట్ కరెంటుకి ఎంత అని రంగాలవారీగా చెప్పే రిపోర్టునే నేను నమ్ముతాను.

ఈ పద్ధతిలో డేటాకి 1 నుంచి 5 దాకా మార్కులుంటాయి, 1 మేలైనది. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్టు (పర్యావరణ, సామాజిక వివరాలు చెప్పేది) తప్పనిసరి చేసింది కాబట్టి వాళ్ళ దగ్గర ఎంతోకొంత దొరుకుతుంది. చిక్కంతా చిన్న యూనిట్లతోనే. ఒక రైస్ మిల్లు ఓనరు గారు నాతో అన్నమాట: "కరెంటు బిల్లు ఇస్తాను సార్, కార్బన్ బిల్లు ఎక్కణ్ణుంచి తేను?" అప్పుడు రంగం సగటు వేసేస్తాం. బాయిలర్లో ఊక కాల్చే మిల్లుకీ బొగ్గు కాల్చే మిల్లుకీ ఒకటే అంకె పడుతుంది. రేపు అసలు డేటా వస్తే మా మొత్తం పెరగనూవచ్చు. అది బ్యాంకు చెడిపోయినట్టు కాదు, కళ్ళజోడు మార్చినట్టు.

అపోహ: బొగ్గుకి అప్పులు ఆపేస్తే సరి.

ఆ లోను ఇంకో బ్యాంకుకి అమ్మేస్తే మా పుస్తకం శుభ్రమవుతుంది, గాలి కాదు. పైగా రామగుండం చూడండి: థర్మల్ ప్లాంటూ ఎన్‌టీపీసీదే, రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల సోలారూ ఎన్‌టీపీసీదే. కస్టమర్ ఒక్కడే, ప్రాజెక్టులు రెండు. అక్కడే గోదావరిఖనిలో గని కార్మికుల జీతం మీద ఇచ్చిన ఇంటి లోన్లు, బజారులో షాపుల సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే వ్యాపారం నడపడానికిచ్చే అప్పు) అకౌంట్లు ఉంటాయి. గనులు మూతపడే రోజుకి వాటి సంగతేమిటన్నది కూడా వాతావరణ లక్ష్యంలో భాగమేనని నా అభిప్రాయం. ఈ ప్రశ్న మీటింగుల్లో వేస్తే చాలాసార్లు టీ బ్రేక్ వస్తుంది.

అపోహ: గ్రీన్ డిపాజిట్‌కి వడ్డీ ఎక్కువ.

గ్రీన్ డిపాజిట్ అంటే పర్యావరణానికి మేలు చేసే పనులకే అప్పుగా ఇచ్చేందుకు తీసుకునే డిపాజిట్. వడ్డీ ఎక్కువివ్వాలన్న రూలేమీ లేదు. 2024 జనవరిలో స్టేట్ బ్యాంక్ తెచ్చినదానికి మామూలు డిపాజిట్ కన్నా కాస్త తక్కువే ఇచ్చారు. 2023 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఆ డబ్బు ఎక్కడ పెట్టారో బయటి సంస్థతో ఏటా తనిఖీ చేయించాలి. అణు విద్యుత్తుకీ, 25 మెగావాట్లు దాటిన జలవిద్యుత్తుకీ ఇవ్వకూడదు.

అపోహ: ఇదంతా హెడాఫీసు గొడవ, బ్రాంచికేం సంబంధం?

ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టించే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. మిగతాదానికి లోన్ ఇచ్చేది బ్రాంచే. రెండు లక్షల లోనుకీ ఇరవై లక్షల లోనుకీ కాగితాల పని దాదాపు ఒకటే కాబట్టి మేనేజర్లకి ఆసక్తి తక్కువ. తీరా ఇచ్చాక పర్సనల్ లోన్ కోడ్‌లో తెరిస్తే అది గ్రీన్ లెక్కలోకే రాదు.

ఇంకోటి, నష్టం వైపు. 2014లో హుద్‌హుద్‌కి విశాఖ, 2024 సెప్టెంబరులో బుడమేరుకి విజయవాడ ఏమయ్యాయో చూశాం. వరదొచ్చే చోట తాకట్టు ఇళ్ళు ఎన్ని ఉన్నాయో తెలియకుండా రిస్కు కొలవలేం. మా సిస్టంలో కస్టమర్ ఉండే అడ్రసు ఉంటుంది, తాకట్టు పెట్టిన ఇంటి అడ్రసు చాలాచోట్ల సరిగా ఉండదు. అందుకే వాల్యుయేషన్ రిపోర్టులో అక్షాంశ, రేఖాంశాలు రాయించమని చెప్పాం. మొదటి విడత రిపోర్టులు మ్యాపులో పెట్టి చూస్తే, అరడజను ఇళ్ళు సరిగ్గా మా బ్రాంచి మీదే ఉన్నాయి.