పిల్లలతో స్పెయిన్ యాత్ర: అపోహలు – వాస్తవాలు

కుటుంబాలకు విదేశీ యాత్రల ప్రణాళికలు వేసి ఇవ్వడం నా వృత్తి. పిల్లలను వెంటబెట్టుకుని స్పెయిన్ వెళ్లాలనుకునే తెలుగు తల్లిదండ్రుల మాటల్లో కొన్ని అపోహలు పదే పదే వినిపిస్తుంటాయి. చిన్నపిల్లలను ఇంత ఆదరంగా చూసే దేశం పశ్చిమ ఐరోపాలో మరొకటి ఉందని నేను అనుకోను. అయితే ఆ దేశపు వేళలకు తగ్గట్టుగా మన దినచర్యను మార్చుకోకపోతే అక్కడ ప్రతి పూటా ఇబ్బందే.

అపోహ: ఎండలు మనకు కొత్త కావు కాబట్టి జులైలో వెళ్లినా ఫర్వాలేదు.

సెవియా, కోర్దోబా నగరాల్లో జులై, ఆగస్టు నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అంతకంటే ముఖ్యమైన విషయం ఆ ఎండ ఏ వేళకు ముదురుతుందన్నది. స్పెయిన్ ప్రధాన భూభాగంలో చాలా భాగం లండన్ కంటే పడమరగా ఉన్నప్పటికీ, 1940 నుంచి గడియారం మాత్రం బెర్లిన్ సమయాన్ని అనుసరిస్తోంది. పైగా వేసవిలో మరో గంట ముందుకు జరుపుతారు. అందువల్ల మాడ్రిడ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మధ్యాహ్నం 2 దాటుతుంది, జూన్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి 9:45 అవుతుంది. పన్నెండు నుంచి మూడు వరకు పిల్లలను గదిలో ఉంచి, నాలుగింటికి ఎండ తగ్గాక బయలుదేరే పద్ధతి రాజమండ్రిలో సరైనదే. సెవియాలో ఆ పద్ధతి పాటిస్తే పిల్లలను సరిగ్గా మండే ఎండలోకి తీసుకువెళ్లినట్టవుతుంది, ఎందుకంటే అక్కడ సాయంత్రం 4 నుంచి 7 వరకే వేడి ఎక్కువ. ఉదయం 9 నుంచి ఒంటిగంటన్నర వరకు తిరిగి, మళ్లీ ఏడు దాటాకే బయటికి రావాలి.

ఈ విషయంలో మనకు ఒక అనుకూలత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు సెలవులు. స్పెయిన్ చూడడానికి అత్యంత అనువైన కాలం కూడా అదే. అక్కడి బడులకు అప్పటికి ఇంకా సెలవులు ఇవ్వరు కాబట్టి రద్దీ కొంత తక్కువగా ఉంటుంది. కాకపోతే మే నెలలో మధ్యధరా సముద్రపు నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి. పిల్లలు ఇసుకలో ఎంతసేపైనా ఆడుకుంటారు గానీ నీళ్లలో ఎక్కువసేపు నిలవలేరు. సముద్ర స్నానమే ముఖ్యమనుకునేవారు జూన్ మొదటి వారాన్ని ఎంచుకోవడం మేలు.

అపోహ: పిల్లలకు రాత్రి ఏడింటికల్లా అన్నం పెట్టించి పడుకోబెట్టవచ్చు.

స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండింటికి మొదలై నాలుగింటి వరకు సాగుతుంది. రాత్రి భోజనానికి చాలా రెస్టారెంట్లలో వంటగది ఎనిమిదిన్నరకు ముందు తెరవరు. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో అక్కడి పిల్లలకు మెరియెందా అనే చిరుతిండి పెడతారు. ఆ ఆధారం ఉండబట్టే వారు తొమ్మిదింటి దాకా ఆగగలుగుతారు. మన పిల్లలకూ ఆ పూట తప్పనిసరిగా ఏర్పాటు చేయాలి.

రాత్రి పదింటికి ఏ చిన్న కూడలిలో చూసినా, హోటల్ బల్లల పక్కనే ఉయ్యాలలు, జారుడుబల్లలు, వాటి చుట్టూ పరుగులు తీసే పిల్లలు, కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకునే తాతలు, అమ్మమ్మలు కనిపిస్తారు. పిల్లలు అల్లరి చేస్తున్నారని ఎవరూ మొహం చిట్లించరు. అక్కడ మన పిల్లలు భాష రాకపోయినా ఐదు నిమిషాల్లో ఆటలో కలిసిపోతారు. నా దృష్టిలో ఒక మ్యూజియం తగ్గించుకుని అయినా ఆ గంట మిగుల్చుకోవాలి.

అయితే మొదటి రెండు రోజులు మాత్రం ఈ లెక్క కుదరదు. వేసవిలో మన సమయం స్పెయిన్ కంటే మూడున్నర గంటలు ముందు ఉంటుంది. అక్కడ సాయంత్రం ఏడయ్యేసరికి మన పిల్లల శరీరానికి రాత్రి పదిన్నర అయినట్టే కాబట్టి వారు కూర్చున్నచోటే నిద్రలోకి జారుకుంటారు. ఆ రెండు రోజులూ మధ్యాహ్నమే కడుపునిండా తినిపించి, రాత్రికి గదిలో బ్రెడ్డు, పెరుగు, పళ్లతో సరిపెట్టడం మంచిది. రోజువారీ పనిదినాల్లో మధ్యాహ్నం దొరికే మెనూ దెల్ దియా అనే భోజనం, అంటే రెండు వంటకాలు, బ్రెడ్డు, తీపి పదార్థం కలిపి ఒకే ధరకు ఇచ్చే ఏర్పాటు, జేబుకూ అనుకూలంగా ఉంటుంది.

అపోహ: శాకాహారులు స్పెయిన్‌లో పస్తులుండాలి.

పస్తులుండాల్సిన అవసరం లేదు గానీ అడిగే పద్ధతి తెలియాలి. "మాంసం వద్దు" అని చెబితే సరిపోదు. హమోన్ అనే పంది మాంసపు ముక్కలనూ, ట్యూనా చేపనూ చాలామంది వంటవారు ఆ లెక్కలో వేయరు. మిశ్రమ సలాడ్ అడిగితే పైన ట్యూనా వేసి తెస్తారు. పప్పు వంటకంలో సాసేజీ ముక్కలు ఉంటాయి. క్రోకేతాల్లో, అంటే పైన బ్రెడ్డు పొడి అద్ది నూనెలో వేయించిన ముద్దల్లో, తరచూ హమోన్ ఉంటుంది. పాయెయ్యా అనే అన్నం వంటకాన్ని కూరగాయలతో చేసినా, దాన్ని వండే రసం చేపతోనో కోడితోనో కాచినది కావచ్చు. మాంసం, హమోన్, చేప, వాటి రసం అన్నీ విడివిడిగా స్పానిష్‌లో రాసిన చీటీ ఒకటి వెంట ఉంచుకుని చూపించడం అన్నింటికంటే నమ్మదగిన మార్గం.

నిశ్చింతగా తినగలిగినవీ ఉన్నాయి. టమాటా గుజ్జు, ఆలివ్ నూనె రాసిన కాల్చిన బ్రెడ్డు, వేయించిన పాద్రోన్ మిరపకాయలు, గాస్పాచో అనే చల్లని టమాటా సూప్, సెవియాలో పాలకూర శనగలు పిల్లలకు సులభంగా నచ్చుతాయి. గుడ్డు తినేవారికి బంగాళాదుంపలు వేసి మందంగా చేసే తోర్తియా ఎక్కడైనా దొరుకుతుంది. బార్సిలోనాలోని రవాల్, మాడ్రిడ్‌లోని లవాపియెస్ పేటల్లో దక్షిణాసియా వారి కిరాణా దుకాణాలు ఉన్నాయి కాబట్టి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఒక పూట పెరుగన్నం కలపడం కష్టమేమీ కాదు.

అపోహ: పది రోజుల్లో స్పెయిన్ అంతా చుట్టి రావచ్చు.

నేను అందరికంటే ఎక్కువగా వాదించేది ఈ విషయంలోనే. మాడ్రిడ్ నుంచి బార్సిలోనా సుమారు 620 కిలోమీటర్లు. వేగవంతమైన రైలులో రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. కాగితం మీద అది చిన్న ప్రయాణమే. గది ఖాళీ చేయడం, స్టేషన్‌లో సామాన్ల తనిఖీ, కొత్త ఊళ్లో గది అందేవరకు పిల్లలతో ఎదురుచూడడం కలిపితే ఒక రోజు దాదాపు పూర్తిగా కరిగిపోతుంది. పది రోజుల్లో రెండు బసలు చాలు, మూడు మించకూడదు. మాడ్రిడ్‌లో ఉండి తొలేదో, సెగోవియా వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. రెండూ రైలులో అరగంట దూరం. సెగోవియాలో రోమన్లు కట్టిన రాతి కాలువ కిందుగా నడిచి తల పైకెత్తి చూడడం పిల్లలకు పాఠ్యపుస్తకం ఇవ్వలేని అనుభవం.

బార్సిలోనాతో జతగా వలెన్సియాను ఎంచుకోమని నేను గట్టిగా చెబుతాను. 1957లో వచ్చిన పెద్ద వరద తర్వాత తూరియా నదిని ఊరి వెలుపలికి మళ్లించి, ఖాళీ అయిన నదీగర్భాన్ని కిలోమీటర్ల పొడవున తోటగా మార్చారు. అందులో నేలకు కట్టేసినట్టు పడుకున్న గలివర్ భారీ బొమ్మ ఉంది. అతని చేతులూ, చొక్కా మడతలూ, జుట్టూ పిల్లలు ఎక్కి జారే బల్లలు. తోటలో మోటారు వాహనాల బెడద లేదు, కాబట్టి సైకిళ్లు అద్దెకు తీసుకుని కుటుంబమంతా సముద్ర జీవుల ప్రదర్శనశాల దాకా వెళ్లవచ్చు.

కారు అద్దెకు తీసుకునేవారికి ఒక మాట: 135 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలను వెనుక సీటులో, వారికి తగిన ప్రత్యేక సీటులోనే కూర్చోబెట్టాలన్నది చట్టం. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు.

అపోహ: పిల్లలకు ప్రవేశం ఉచితం కాబట్టి ముందుగా టికెట్ అక్కర్లేదు.

ఉచితమైనా టికెట్ ఉండాల్సిందే. గ్రనాదాలోని అల్హంబ్రా కోటకు 12 ఏళ్లలోపు వారికి రుసుము లేదు, కానీ వారి పేరు మీద కూడా టికెట్ తీసుకోవాలి. అక్కడి నస్రీద్ రాజమందిరాల్లోకి టికెట్ మీద రాసిన సమయానికే పంపుతారు, పాస్‌పోర్టులు అడుగుతారు. ప్రధాన ద్వారం నుంచి ఆ మందిరాల దాకా చిన్నపిల్లల నడకకు పావుగంట పైనే పడుతుంది. బార్సిలోనాలోని సగ్రదా ఫమీలియా చర్చికీ ముందే సమయం ఎంచుకోవాలి. ఈ రెండింటి టికెట్లు దొరికిన తేదీలను బట్టి మిగతా ప్రయాణాన్ని అల్లుకోవాలి.

అపోహ: పెద్దల వీసాతో పిల్లల పని అయిపోతుంది.

భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రతి బిడ్డకూ విడిగా షెంజెన్ వీసా (స్పెయిన్ సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) కావాలి. రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు వారికి 45, అంతకంటే చిన్నవారికి లేదు. 12 ఏళ్లలోపు వారి వేలిముద్రలు తీసుకోరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా అందరికీ ఉండాలి. తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే తీసుకువెళుతుంటే రెండోవారి అంగీకార పత్రం జతచేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు ఇవ్వవచ్చు. మే ప్రయాణానికి ఏప్రిల్‌లో అపాయింట్‌మెంట్ వెతకడం మొదలుపెట్టవద్దు.

అపోహ: జ్వరం మందు అక్కడ కొని ఇంటి కొలతతోనే పోయవచ్చు.

ఇది ప్రమాదకరమైన అపోహ. స్పెయిన్‌లో పిల్లలకు ఇచ్చే పారాసెటమాల్ ద్రవం సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల గాఢతతో ఉంటుంది. మన దగ్గర వాడే సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 250 మిల్లీగ్రాములే ఉంటుంది. ఇంట్లో అలవాటైన చెంచా లెక్కన పోస్తే మోతాదు రెండు నుంచి నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇంటి మందునే వెంట తీసుకువెళ్లండి. అయిపోతే ఆకుపచ్చ శిలువ గుర్తున్న ఫార్మసీకి వెళ్లి బిడ్డ బరువు చెప్పి, ఎన్ని మిల్లీలీటర్లో కాగితం మీద రాయించుకోండి. రాత్రివేళ ఏ ఫార్మసీ తెరిచి ఉంటుందో మూసిన దుకాణాల తలుపుల మీద అతికించి ఉంటుంది. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి.