గిటార్ ఆంప్ స్పీకర్ మార్చే ముందు ఈ అపోహలు వదిలేయండి

అపోహ: సౌండ్ గరగరమంటే స్పీకర్ కాలిపోయినట్టే.

ప్రతిసారీ కాదండి. ముందు అదే ఓమ్స్ (కరెంట్‌కి స్పీకర్ ఇచ్చే అడ్డు, స్పీకర్ మీదే రాసుంటుంది) ఉన్న వేరే స్పీకర్ తగిలించి చూడండి, అక్కడా గరగరే వస్తే తేడా పాత స్పీకర్‌ది కాదు. అది బాగా పలికిందంటే అప్పుడు పాత స్పీకర్ వైర్లు తీసేసి దాని టెర్మినల్స్‌కి మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి చూడండి, రీడింగే రాకపోతే లోపల కాయిల్ తెగుండాలి, లేదా టెర్మినల్ నుంచి కోన్‌కి వెళ్లే అల్లిక తీగ తెగుండాలి, ఆ తీగే అయితే సోల్డరింగ్‌తో సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు. రీడింగ్ వచ్చినా సరే, కోన్ మధ్యలో టోపీ చుట్టూ వేళ్లు సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి, గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తే కాయిల్ రాసుకుంటోందని అర్థం.

అపోహ: మీటర్‌లో 6.5 చూపిస్తోంది, 8 ఓమ్స్ అని చెప్పి మోసం చేశారు.

లేదు. స్పీకర్ మీద రాసే 8 అనేది సౌండ్ సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు (ఇంపీడెన్స్), మీటర్ చూపించేది డీసీ రెసిస్టెన్స్ మాత్రమే. 8 ఓమ్స్ స్పీకర్‌కి 6–7, 16కి 12–13 రావడం మామూలే.

అపోహ: ఓమ్స్ కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు.

ఇక్కడే చాలామంది ఆంప్ కూడా పోగొట్టుకుంటారు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి రాసున్న దానికంటే తక్కువ ఓమ్స్ పెడితే అవుట్‌పుట్ సెక్షన్ కాలిపోవచ్చు, ఎక్కువ పెడితే పవర్ తగ్గుతుందంతే. ట్యూబ్ ఆంప్‌కి మాత్రం ఎంత రాసుంటే అంతే పెట్టండి, స్పీకర్ తగిలించకుండా అస్సలు ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇంకోటి, ప్లగ్ పీకేశాక కూడా దాని కెపాసిటర్లలో వందల వోల్ట్‌లు నిలిచి ఉండొచ్చు, స్పీకర్ వైర్లు తప్ప ఛాసిస్ (ఆంప్ సర్క్యూట్ ఉండే మెటల్ పెట్టె) జోలికి వెళ్లకండి.

అపోహ: వాట్స్ ఎక్కువైతే సౌండ్ ఎక్కువ.

వాట్స్ అంటే స్పీకర్ ఎంత తట్టుకుంటుందో చెప్పే లెక్క. సౌండ్ చెప్పేది డీబీలో రాసే సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే లెక్క, అది 3 డీబీ పెరిగితే ఆంప్ పవర్ రెట్టింపు చేసినంత తేడా. సెలెస్టియన్ కంపెనీ వింటేజ్ 30 స్పీకర్ పేరు చూసి 30 వాట్స్ అనుకుంటారు గానీ అది 60 వాట్స్, 100 డీబీ. సింగిల్ స్పీకర్ ఆంప్ అయితే, ముఖ్యంగా ట్యూబ్‌ది, ఆంప్ పవర్‌కి రెట్టింపు తట్టుకునేది తీసుకోమనే నేను చెప్తా, ఎందుకంటే ఫుల్‌గా తిప్పితే రాసున్న వాట్స్ దాటి వస్తుంది.

అపోహ: సైజు సరిపోతే కారు వూఫరైనా చాలు.

వద్దు. గిటార్ స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండ్‌ని బాగా తగ్గించేస్తుంది, డిస్టార్షన్ చెవులకి గుచ్చుకోకుండా ఉండేది దానివల్లే. కారు వూఫర్‌కి వేగంగా కదలని బరువైన కోన్ ఉంటుంది, గిటార్ అందులో మూసుకుపోయినట్టు వినిపిస్తుంది.