రైలు బోగీ రెస్టారెంట్లు: అపోహలు - వాస్తవాలు

పాత రైలు బోగీలను రెస్టారెంట్లుగా మార్చే ఇంటీరియర్ పనులు చేస్తుంటాను. 2020లో పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్ స్టేషన్‌లో మొదలైన ఈ పద్ధతి 2022లో గుంటూరుకు, 2023లో కాచిగూడకు వచ్చింది. బయటి నుంచి చూసేవాళ్లకు ఇదంతా పెయింటు, లైట్ల పనే అనిపిస్తుంది. నిజానికి అది చిట్టచివర చేసే పని.

అపోహ: తుక్కు ధరకు ఒక బోగీ కొనేసి హోటల్ పెట్టేయొచ్చు.

స్టేషన్ల దగ్గర మీరు చూసేవి ఎవరూ కొన్నవి కావు. బోగీ రైల్వేదే, స్థలమూ రైల్వేదే. వేలంలో పాడుకున్నవాళ్లకు కొన్నేళ్ల లైసెన్సు ఇస్తారు, అందుకు ఫీజు కట్టాలి. లోపలి మార్పుల ఖర్చు కూడా లైసెన్సుదారుదే కాబట్టి, గడువు లోపల పెట్టుబడి తిరిగొస్తుందో లేదో ముందే లెక్క వేసుకోవాలి. సొంత స్థలంలో పెట్టుకుంటామనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: బోగీ ధర అడిగేముందు, 21 మీటర్ల పొడవున్నది మీ వీధి మలుపు తిరుగుతుందో లేదో చూసుకోండి.

అపోహ: సీట్లు, ఫ్యాన్లు ఉన్నాయిగా, రంగేస్తే చాలు.

ఈ మాట విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. బెర్తులు, సామాన్ల ర్యాకులు, వాటర్ ట్యాంకులు అన్నీ పీకేయాల్సిందే. బోగీలో ఫ్యాన్లు, లైట్లు 110 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. మన కరెంటు 230 వోల్టుల ఏసీ. కాబట్టి వైరింగ్ మొత్తం కొత్తది.

అసలు టెన్షన్ తుప్పుతో. బోగీ ఎక్కగానే నేను ముందు చూసేది టాయిలెట్ల దగ్గర, తలుపుల దగ్గర ఉన్న ఫ్లోరింగ్‌ని. పాతికేళ్లు నీళ్లు కారిన చోటు అది. సుత్తితో కొడితే రేకు ఖంగుమనాలి. దబ్ మందంటే అక్కడ పెయింటు తప్ప ఇనుము లేనట్టే. పై షీటు ఎత్తి చూస్తే రేకు అప్పడంలా పొరలుగా విరిగి చేతికొస్తుంది. ఆ ముక్క కోసి కొత్త ప్లేటు వెల్డింగ్ చేయాలి. అదీ ప్యానెళ్లు, ఫోము బిగించకముందే. తర్వాత వెల్డింగ్ పెట్టుకుంటే నిప్పురవ్వ ఎక్కడ పడుతుందో చెప్పలేం.

అపోహ: స్లీపర్‌లో 72 మంది పడుకుంటారు, హాయిగా వంద మందిని కూర్చోబెట్టొచ్చు.

పడుకునేవాళ్లు ఒకరి మీద ఒకరు మూడు వరసల్లో ఉంటారు, తినేవాళ్లు ఉండరు కదా! ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రకం బోగీ వెడల్పు బయటికే 3.245 మీటర్లు. లోపల పదడుగులు మిగులుతుంది. రెండు వైపులా నలుగురి టేబుళ్లు వేస్తే మధ్య దారి రెండడుగులే. బిర్యానీ ట్రేతో సర్వర్ వస్తుంటే, చెయ్యి కడుక్కోవడానికి లేచినాయన మళ్లీ కూర్చోవాల్సిందే. అందుకే ఒకవైపు నలుగురికి, ఇంకోవైపు ఇద్దరికి వేయమంటాను. ఓనర్లకు నచ్చదు. ముంబై సీఎస్ఎంటీ రైల్వే స్టేషన్ దగ్గర 2021లో తెరిచిన దానిలో చోటు 40 మంది చిల్లరకే ఉండేది.

అపోహ: రైల్లో వంట పెట్టె, అదే ప్యాంట్రీ కారులో వండుతారు, ఇక్కడెందుకు వండకూడదు?

వండొచ్చు. కానీ ఇనుప బోగీ, మే నెల, మూడు బర్నర్లు, తందూర్ పొయ్యి... పక్క గదిలో ఏసీ. కరెంటు బిల్లు చూశాక ఎవరైనా వంటగది బయటికి మారుస్తారు. గ్యాస్ సిలిండర్లు ఎలాగూ బయటే ఉండాలి.

అపోహ: అమెరికాలో డైనర్లనే చిన్న హోటళ్లన్నీ పాత రైలు పెట్టెలే.

కొన్ని మాత్రమే. అక్కడి డైనర్లకు మూలం 1872లో ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ అనే ఆయన నడిపిన గుర్రపు బండి హోటల్. తర్వాత వూస్టర్ లంచ్ కార్ వంటి కంపెనీలు రైలు పెట్టె ఆకారంలో ఫ్యాక్టరీలోనే కొత్తగా తయారుచేసి అమ్మాయి. వాటిలో చాలావరకు పట్టాల మొహం చూడనివే.

అపోహ: లోపలికి వెళ్లాలంటే ప్లాట్‌ఫాం టికెట్ ఉండాలి.

అక్కర్లేదు. ఇవి ప్లాట్‌ఫాం మీద కాదు, స్టేషన్ బయటి ఆవరణలో ఉంటాయి. రైలెక్కేవాళ్లు, ఎక్కనివాళ్లు ఎవరైనా రావచ్చు. బండి పార్కింగ్ చార్జీ మాత్రం వేరుగా పడుతుందేమో ముందే అడగండి.