ఫార్మాట్ కొట్టకముందు ఒక్క మాట: కార్డు రీడర్ మీద అపోహలు, వాస్తవాలు

"అన్నా, కార్డు ఓపెన్ కాలేదన్నా. ఫార్మాట్ చెయ్యమని అడగతా ఉండాది. ఓకే కొట్టేసేదా?"

తిరుచానూరులో ఒక పెళ్ళి ముగిసిన రెండు గంటలకు, నా దగ్గర పని నేర్చుకుని వెళ్ళిన తమ్ముడు కెమెరా మెమరీ కార్డు గురించి ఫోన్లో అడిగిన మాట ఇది. ఫార్మాట్ అంటే కార్డును ఖాళీ చేసి కొత్తగా సిద్ధం చేయడం. "ఏమీ ముట్టుకోవద్దు నాయనా. కార్డు తీసి డబ్బాలో పెట్టుకుని ఇటు రా" అన్నాను. వచ్చాడు. నా కార్డు రీడర్లో, అంటే కార్డులోని ఫొటోలను కంప్యూటర్లోకి దింపే పరికరంలో, పెట్టగానే జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అన్ని ఫొటోలూ తెర మీదికి వచ్చాయి. కార్డుకు ఏ రోగమూ లేదు. వాడి రీడరే పాతది.

తిరుపతిలో పెళ్ళిళ్ళు, జాతరలు తీస్తూ బతికేవాణ్ణి. లెన్సుల గురించి, లైట్ల గురించి మనవాళ్ళు గంటల తరబడి మాట్లాడతారు. తీసినదాన్ని సిస్టమ్‌లోకి, అంటే కంప్యూటర్లోకి, దింపే పని మాత్రం అసిస్టెంటు చేతిలో పెట్టి భోజనాల దగ్గరికి వెళ్ళిపోతారు. నేను చూసినంతలో ఫొటోలు పోయేది ముహూర్తం వేళ కాదు, ఇదిగో ఈ దింపే వేళ. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: "ఫార్మాట్ చేయండి" అని వస్తే కార్డు చచ్చిపోయినట్టే

సిస్టమ్ ఆ మాట అనడానికి అర్థం ఒక్కటే: కార్డులో ఉన్నది దానికి చదవడం రాలేదు. చదవరాకపోవడానికి సవాలక్ష కారణాలు. మా తమ్ముడి సంగతి తీసుకోండి. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ కార్డులు 32 జీబీ వరకే, వాటిలో ఏ ఫైల్ ఎక్కడుందో లెక్క రాసుకునే పద్ధతి ఫ్యాట్32. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు వచ్చాయి. 32 జీబీ దాటి 2 టీబీ దాకా ఉన్నవన్నీ ఇవే, వీటి పద్ధతి ఎక్స్‌ఫ్యాట్. ఎస్‌డీహెచ్‌సీ కాలం నాటి రీడర్లో 128 జీబీ కార్డు పెడితే అది తడబడొచ్చు. తడబడితే సిస్టమ్ ఫార్మాట్ చెయ్యమంటుంది. తప్పు రీడరుది, శిక్ష కార్డుకు.

కాబట్టి వరస ఇది. ముందు క్యాన్సిల్ నొక్కండి. కార్డు తీసి, బంగారు రంగు కాంటాక్టులను పొడి మెత్తని గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టండి. తర్వాత రీడర్ మార్చండి, తర్వాత సిస్టమ్ మార్చండి. మైక్రో ఎస్‌డీని అడాప్టర్లో పెట్టి వాడేవాళ్ళు మొదట ఆ అడాప్టర్ని అనుమానించండి. చివరికి కార్డును తిరిగి కెమెరాలో పెట్టి చూడండి. కెమెరాలో ఫొటోలు కనిపిస్తుంటే కేబుల్‌తో దింపుకోవచ్చు.

ఇప్పటికే ఓకే కొట్టేశారా? అప్పుడైనా ఆశ వదలొద్దు. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు. పేజీలు ఇంకా లోపలే ఉంటాయి. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పేజీలను ఒక్కొక్కటిగా వెతికి తెస్తుంది. పాత ఫైల్ పేర్లు రావు, పెద్ద వీడియోలు కొన్ని ముక్కలై రావచ్చు, ఫొటోలు మాత్రం చాలావరకు దక్కుతాయి. షరతు ఒక్కటే: ఆ కార్డులో ఇంకొక్క ఫొటో కూడా తీయకూడదు. దొరికిన ఫైళ్ళను సేవ్ చేసేదీ ఆ కార్డులోకి కాదు, హార్డ్ డిస్క్‌లోకి. ఇక విండోస్‌లో క్విక్ అన్న టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేసినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. విండోస్ విస్టా కాలం నుంచి ఆ పద్ధతిలో కార్డంతా సున్నాలతో నింపేస్తుంది.

అపోహ: కట్-పేస్ట్ చేస్తే పని సులువు, కార్డూ ఖాళీ అవుతుంది

ఈ ఒక్క అలవాటు మానిపించగలిగితే ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే. కట్-పేస్ట్ అంటే ఒక ఫైల్ కాపీ కావడం, కార్డులోంచి ఆ ఫైల్ తుడిచిపెట్టుకుపోవడం. కరెంటు పోయిందనో, రీడర్ కదిలిందనో అనుకోండి, సగం ఇక్కడ, సగం అక్కడ. మధ్యలో నలిగినది ఎక్కడుందో వెతుక్కోవాలి. అన్నీ సరిగా వెళ్ళినా, వెళ్ళినచోట హార్డ్ డిస్క్ మొండికేస్తే చేతిలో రెండో ప్రతి లేదు. కార్డు నుంచి ఎప్పుడూ కాపీనే.

కాపీలోనూ ఒక గొయ్యి ఉంది. నేను అందులో పడ్డాను.

మన తాతయ్యగుంట గంగమ్మ జాతర తెలియనిది ఎవరికి? భక్తులు రోజుకో వేషం కడతారు. దొర వేషం నాడు తీసిన 640 ఫొటోలు సాయంత్రం హార్డ్ డిస్క్‌లో "జాతర" అన్న ఫోల్డర్లో వేశాను. కార్డు ఫార్మాట్ చేశాను. మర్నాడు మాతంగి వేషం, 500 ఫొటోలు. రాత్రి అలసటలో అదే ఫోల్డర్లో పేస్ట్ చేశాను. ఆ పేర్లతో ఫైళ్ళు ఇప్పటికే ఉన్నాయి, వాటి స్థానంలో ఇవి పెట్టమంటావా అని సిస్టమ్ అడిగింది. చదవకుండా రీప్లేస్ నొక్కాను. ఫార్మాట్ చేసినప్పుడల్లా నంబర్లు 0001 నుంచి మొదలయ్యేలా ఆ కెమెరాలో సెట్టింగ్ ఉందని నాకు తెల్లవారాక తెలిసింది. దొర వేషంలో 501 నుంచి 640 దాకా మిగిలాయి. తక్కినవన్నీ మాతంగి వేషాల కింద సమాధి అయ్యాయి. కార్డులో వెతుకుదామంటే దాని మీదే రెండో రోజు తీసేశాను. మొదటిసారి దొర వేషం కట్టిన కొడుకు ఫొటో కావాలని ఒక అమ్మ నా షాపు మెట్ల మీద కూర్చుంది. మళ్ళీ ఏడాది ఆగమని ఆమెకు చెప్పాల్సి వచ్చింది. ఆ ముఖం నేను మరచిపోలేదు.

నంబరింగ్ వరసగా సాగేలా పెట్టుకున్నా ఈ ప్రమాదం పూర్తిగా పోదు. కెమెరా ఫైల్ పేరులో అంకెలకు నాలుగే గళ్ళు, 9999 తర్వాత మళ్ళీ 0001. పెద్ద పెళ్ళిలో ఒకే మోడల్ కెమెరాలు రెండు తిరుగుతాయి, రెంటిలోనూ ఒకే పేర్లు పుట్టొచ్చు. అందుకని నా పద్ధతి: ప్రతి కార్డుకూ ప్రతిసారీ కొత్త ఫోల్డర్. దాని పేరులో తేదీ, ఊరు, ఏ కెమెరా, ఎన్నో కార్డు అన్నీ ఉంటాయి. లోపల, కెమెరా ఫొటోలు దాచే డీసీఐఎం ఫోల్డర్ని యథాతథంగా వేస్తాను. రీప్లేస్ అన్న మాట తెర మీద కనిపించిందంటే చెయ్యి వెనక్కి తీసి, ఎందుకు వచ్చిందో వెతుకుతాను.

అపోహ: కార్డు మాటిమాటికీ తీస్తే అరిగిపోతుంది, కేబులే మంచిది

ఎస్‌డీ కార్డు 10,000 సార్లు పెట్టి తీయడానికి తట్టుకునేలా ప్రమాణం రాశారు. రోజుకు నాలుగు సార్లు తీసినా దాదాపు ఏడేళ్ళు. కేబుల్ పద్ధతిలో కెమెరా ఆన్‌లో ఉండాలి. మధ్యలో బ్యాటరీ అయిపోతే కాపీ ఆగిపోతుంది. ఎవరైనా కేబుల్ తట్టుకుంటే కెమెరా బల్ల మీంచి నేల మీదికి. రీడర్ పోతే కొన్ని వందలు, కెమెరా పోర్టు విరిగితే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి. పాత కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులు వాడేవాళ్ళకు మాత్రం ఈ భయం నిజమే. వాటి స్లాటులో 50 సన్నని పిన్నులుంటాయి, వంకరగా తోస్తే వంగిపోతాయి. ఆ కార్డును బలవంతంగా ఎప్పుడూ నొక్కకండి.

అపోహ: రీడర్ ఏదైనా ఒకటే

లెక్క వేద్దాం. యూఎస్‌బీ 2.0 రీడర్ చేతికి ఇచ్చేది సెకనుకు సుమారు 30 ఎంబీ. నిండిన 64 జీబీ కార్డు దింపడానికి 35 నిమిషాలు దాటుతుంది. యూఎస్‌బీ 3.0 రీడర్, మంచి యూహెచ్‌ఎస్-1 (ఎస్‌డీ కార్డుల వేగానికి ఒక ప్రమాణం) కార్డు కలిస్తే సెకనుకు 90 ఎంబీ దాకా వస్తుంది. అదే పని 12 నిమిషాలు. రీడర్ కొత్తది కొని పాత పోర్టులో గుచ్చితే లాభం లేదు. సాధారణంగా లోపల నీలం రంగు ఉండే పోర్టు వెతకండి.

కార్డు మీద 170, 200 అని అంకెలు చూసి మోసపోయామని కొందరు బాధపడతారు. యూహెచ్‌ఎస్-1 ప్రమాణం హద్దు సెకనుకు 104 ఎంబీ. అంతకు మించిన వేగం దానికి తగిన ప్రత్యేక రీడర్లోనే అందుతుంది. వెనక రెండో వరస పిన్నులున్న యూహెచ్‌ఎస్-2 కార్డులు వేరే జాతి. వాటికి 312 దాకా హద్దు, రీడరూ యూహెచ్‌ఎస్-2 రకమే కావాలి. ఇంత చేసి చివరికి పాత తిరిగే హార్డ్ డిస్క్‌లోకి దింపుతుంటే, వేగం ఆ డిస్క్ దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: నెట్ సెంటర్లో వైరస్ ఫొటోలను తినేసింది

చిత్తూరు నుంచి ఒకాయన వచ్చాడు. బస్టాండు దగ్గర ప్రింట్లు వేయించుకున్న తర్వాత కార్డులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చున్నాయి. ఈ రకం వైరస్ ఫొటోలను చెరపదు, దాచిపెడుతుంది. ఆ షార్ట్‌కట్లను నొక్కకుండా, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ చేసి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ అన్న టిక్ తీసేస్తే అసలు ఫోల్డర్ బయటపడుతుంది. దాన్ని కాపీ చేసుకోండి, యాంటీవైరస్‌తో చూడండి.

పరాయి సిస్టమ్‌లో పెట్టేముందు కార్డు పక్కనున్న చిన్న లాక్‌ను కిందికి జరపండి. నేను నా సొంత సిస్టమ్‌లో పెట్టేముందూ జరుపుతాను. ఒకటి గుర్తుంచుకోవాలి, ఆ లాక్ కార్డు లోపల దేనికీ తగలదు. అదెక్కడుందో రీడర్ తడిమి చూసి రాయడం ఆపుతుందంతే. అందుకే లాక్ తీసినా లాక్ ఉందని సిస్టమ్ అంటుంటే రీడర్లోని స్విచ్ అరిగిందేమో చూడండి.

అపోహ: అలిపిరి స్కానర్లో పోతే కార్డు పాడవుతుంది

అలిపిరి తనిఖీ దాటి తిరుమల కొండ మీద పెళ్ళికి వెళ్ళే ప్రతివాళ్ళూ ఇది అడుగుతారు. ఫిల్ము రోజుల్లో ఎక్స్‌రే భయానికి కారణం ఉంది, ఎక్కువ స్పీడు ఫిల్ము మీద మసక పడేది. మెమరీ కార్డుకు ఆ మోతాదుతో ఏమీ కాదు. రేణిగుంట విమానాశ్రయంలోనూ అంతే. నిశ్చింతగా బ్యాగు పెట్టండి.

అపోహ: కాపీ చేసేకొద్దీ ఫొటో క్వాలిటీ తగ్గుతుంది

వందసార్లు కాపీ చేసినా ఫైల్ ఫైలే. తగ్గేది జేపెగ్ తెరిచి మళ్ళీ మళ్ళీ సేవ్ చేసినప్పుడు, వాట్సాప్‌లో ఫొటోగా పంపినప్పుడు. పెళ్ళివాళ్ళకు పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి.

అపోహ: కాపీ బార్ నిండితే పని అయిపోయినట్టే

బార్ నిండిన తర్వాతే నా పని మొదలవుతుంది. కార్డులోని డీసీఐఎం ఫోల్డర్ మీద, హార్డ్ డిస్క్‌లో వేసిన దాని కాపీ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ళ సంఖ్య, బైట్లు సరిపోయాయో చూస్తాను. సంఖ్య సరిపోయినా లోపల ఫైల్ చెడి ఉండొచ్చు కనుక మొదటిది, మాంగల్యధారణవి, చివరిది పూర్తి సైజులో తెరుస్తాను. సగం నుంచి బూడిదరంగు గీతలు కనిపిస్తే ఆ ఫైల్ సరిగా రాలేదన్నమాట. అప్పుడు వేరే రీడర్తో మళ్ళీ కాపీ. తర్వాత రెండో డిస్క్‌లోకి ఇంకో ప్రతి. ఎజెక్ట్ నొక్కి, పోర్టు నుంచి తీయమనే మాట వచ్చాకే కార్డు బయటికి.

కార్డును అప్పుడే ఖాళీ చేయను. కాగితం ముక్క మీద తేదీ, పెళ్ళివారి ఇంటిపేరు రాసి దాంతో చుట్టి డబ్బాలో పెడతాను. ఆల్బమ్‌కు ఎంపిక చేసిన ఫొటోల జాబితా పెళ్ళివారి నుంచి వచ్చాక ఆ కాగితం తీసేస్తాను. ఫార్మాట్ చేసేది కెమెరాలోనే, తర్వాతి ముహూర్తానికి బయల్దేరే ముందు.